పిలుపు ఎటు నుంచి?

మామిడి కాలంలో నాకు నిద్ర తక్కువ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నూజివీడు చుట్టుపక్కల ఏ షెడ్డులో నెట్ ఆగినా, ఏ కాటా కంప్యూటర్ మొరాయించినా ఫోన్ నాకే వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే నా బతుకుతెరువు. పోయిన వేసవిలో చేసిన ఒక పని మాత్రం చిన్నప్పటి నుంచి వెంటాడుతున్న ప్రశ్న ముందు నన్ను మళ్ళీ నిలబెట్టింది. మనిషికీ దేవుడికీ మధ్య పిలుపు ఎటు నుంచి మొదలవుతుంది? మనం పిలిస్తే ఆయన పలుకుతాడా, ఆయన తలిస్తేనే మనకు పిలవాలని తోస్తుందా? మా ఇంట్లో ఈ ప్రశ్నకు రెండు వైపులా మనుషులున్నారు. నాన్న ఆగిరిపల్లి కొండెక్కి శోభనాచలం మీది వ్యాఘ్ర నరసింహస్వామికి దణ్ణం పెట్టుకునేవాడు. అమ్మ ఆదివారం చర్చికి వెళ్తుంది. నేను ఇద్దరి వేలూ పట్టుకుని పెరిగాను.

పని సంగతి చెప్తాను. ఊళ్ళో ఒక మామిడి వ్యాపారి ఉన్నాడు. తోటలు కాపుకు తీసుకుంటాడు. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి గ్రేడింగ్ చేయించి లారీలకెత్తిస్తాడు. ఆఫీసు బజార్లో ఉంది. అక్కడ రెండు కంప్యూటర్లు, టాలీ, రైతులకు పట్టీలు కొట్టే ప్రింటర్. షెడ్డు ఆగిరిపల్లి రోడ్డులో ఉంది. అక్కడ కాటా, దాని పక్కన ఒక కంప్యూటర్, నాలుగు కెమెరాలు, కాయ మాగబెట్టే గదులు రెండు. కార్బైడ్ నిషేధం కాబట్టి ఇప్పుడు మూసిన గదుల్లో ఇథిలీన్ వాయువు వదిలి మాగబెడతారు. గదిలో వేడి అదుపు తప్పితే రాత్రికి రాత్రే సరుకు దెబ్బతింటుంది.

ఆయన నన్ను కూర్చోబెట్టి చెప్పింది ఇంతే: "ఏమయ్యా, నేను ఇక్కడ కూర్చుంటే అక్కడి గది వేడి ఇక్కడ కనపడాలి. కాటా మీద పడ్డ తూకం మన పట్టీలోకి రావాలి. మా అమ్మాయి హైదరాబాదు నుంచి టాలీ చూసుకోవాలి. బయటోడు మాత్రం ఒక్కడు కూడా లోపలికి రాకూడదు."

"అట్టాగేనండీ" అన్నాను. కానీ ఆ మాటల్లోనే ఉంది చిక్కంతా. ఆయన లోపలివాళ్ళు అనుకునేవాళ్ళు దూరాన ఉన్నారు. బయటివాళ్ళు అనుకునే లారీ డ్రైవర్లు, కూలీలు వైఫై అందేంత దగ్గర్లో తిరుగుతున్నారు. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది గోడలు తేల్చే రోజులు పోయాయి.

మొదటి రోజు చిన్న విషయం దగ్గరే బండి ఆగింది. ఆఫీసులో, షెడ్డులో రౌటర్లు రెండూ కంపెనీ నుంచి వచ్చిన నంబర్లతోనే ఉన్నాయి. రెండు చోట్లా 192.168.1 తోనే మొదలు. ఆఫీసు కంప్యూటర్ షెడ్డులోని కాటా కోసం 192.168.1.20ని అడిగితే ఆ మాట గడప దాటదు. ఆ నంబరు మనింట్లోదేగా అనుకుని ఇంట్లోనే వెతుక్కుంటుంది, దొరక్క ఊరుకుంటుంది. ఇళ్ళలోపల వాడుకోవడానికని ఇలాంటి నంబర్లను 1994లో విడిగా కేటాయించారు. ఎన్నో కోట్ల ఇళ్ళలో ఇవే నంబర్లు. లోపల ఉన్నంతసేపే వాటికి అర్థం. ఇప్పటికీ వాడుకలో ఉన్న ఈ పాత పద్ధతిలో మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లే. పంచడానికి మిగిలిన చివరి కట్టలు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి. అందుకే ఇంటిల్లిపాదీ ఒక్క బయటి చిరునామా వెనక సర్దుకుని బతుకుతున్నాం.

షెడ్డును 192.168.20కి మార్చాను. కాటా, కెమెరాలు, గదుల కంట్రోలర్లు అన్నింటికీ కొత్త నంబర్లు పడ్డాయి. ఒక్కటీ చోటు కదల్లేదు. 2022 ఏప్రిల్‌లో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారినప్పుడు మా ఇంటి సంగతీ ఇంతే. గోడ అంగుళం జరగలేదు, చిరునామా మారింది.

ఇక గడప దగ్గరికి వస్తాను. నా మట్టుకు రౌటర్ అంటే గడపే. ఒక కాలు ఇంట్లో, ఒక కాలు వీధిలో. మన ఇళ్ళలో గడపకు పసుపు రాస్తారు, బొట్లు పెడతారు, పైన మామిడి తోరణం కడతారు. దాని మీద కూర్చోనివ్వరు. అటూ ఇటూ నిలబడి ఏదైనా ఇచ్చిపుచ్చుకుంటే పెద్దవాళ్ళు కసురుతారు. గడప దగ్గర ఏమరుపాటుగా ఉండకూడదని చెప్పడానికే ఈ మర్యాదలన్నీ పుట్టాయని నేననుకుంటాను.

నేను ఏమరుపాటుగా ఉన్నాను, ఒకసారి. పన్నెండేళ్ళ కిందటి మాట. ఒక షాపుకు కెమెరాలు పెట్టాను. యజమాని ఫోన్లో చూసుకోవాలంటే రౌటర్‌లో ఒక పోర్టు వీధిలోకి నేరుగా తెరిచేశాను. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డే ఉంచేశాను. నెల తిరక్కుండా ఎవరో దూరారు. ఎక్కడివాళ్ళో తెలియదు. రికార్డింగులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. సరిగ్గా ఆ వారంలోనే గల్లాపెట్టెలో డబ్బు తగ్గింది, నింద అక్కడ పనిచేసే కుర్రాడి మీద పడింది. రికార్డింగు ఉంటే నిమిషంలో నిజం తేలేది. డిస్కు ఖాళీ. కుర్రాడి పని పోయింది. వాడు తీశాడని నేను ఏనాడూ నమ్మలేదు. తియ్యలేదని చూపించే దారిని మూసింది మాత్రం నేనే. 2016 అక్టోబర్ 21న ఇలాగే మార్చని పాస్‌వర్డులున్న వేలాది కెమెరాలను, రౌటర్లను మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం లొంగదీసుకుని, వెబ్‌సైట్ల చిరునామాలు చూపించే డైన్ అనే సంస్థ మీదికి ఉసిగొల్పింది. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు. ఆ వార్త చదివిన రోజు నాకు గుర్తొచ్చింది ఆ కుర్రాడి ముఖం.

అప్పటి నుంచి నా మొదటి నియమం ఒక్కటే. బయటి నుంచి వచ్చేదేదైనా సరే, వద్దు. ఎవరెవరిని రానివ్వకూడదో జాబితా రాస్తూ కూర్చుంటే అది ఎప్పటికీ పూర్తి కాదు. హిరణ్యకశిపుడు చేసింది అదే కదా. మనిషి చేతిలో వద్దు, మృగం చేతిలో వద్దు, పగలు వద్దు, రాత్రి వద్దు, ఇంటా వద్దు, బయటా వద్దు, నేల మీదా వద్దు, ఆకాశంలోనూ వద్దు. అంత పెద్ద జాబితా రాయించుకున్నాడు. జాబితాలో పడని సందు ఒకటి మిగిలింది. సంధ్యవేళ, గడప మీద, సగం మనిషి సగం సింహం. నాన్న ఈ కథ చెప్పేటప్పుడు గడప దగ్గర ఒక క్షణం ఆగేవాడు. మా ఇంటి గడప వైపు చూసేవాడు.

అయితే అన్నీ వద్దంటే ఇంట్లోవాళ్ళు ఏమైపోవాలి? దానికి రౌటర్‌లో ఇంకో నియమం ఉంది. నా వృత్తి మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. లోపలి నుంచి ఎవరైనా బయటికి ఒక మాట పంపితే రౌటర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఎవరు పిలిచారు, ఎవర్ని పిలిచారు, ఎప్పుడు అని పట్టికలో రాసుకుంటుంది. ఆ పిలుపుకు బదులుగా వచ్చినదాన్ని మాత్రం ఆపదు. గడప ఎంత గట్టిదైనా సరే, పిలిచిన వాడికి వచ్చే బదులుకు దారి ఇస్తుంది.

ఈ నియమం తెలిశాక ప్రహ్లాదుడి కథ నాకు వేరేగా అర్థమైంది. హిరణ్యకశిపుడు బయటివన్నీ మూశాడు. కానీ ఆ ఇంట్లోనే ఒక పసివాడు పిలిచాడు. స్తంభంలోంచి వచ్చింది దండయాత్ర కాదు, బదులు. తండ్రి కట్టించుకున్న గోడలకు ఆ బదులును ఆపే హక్కు లేకపోయింది.

షెడ్డు దగ్గర ఈ సంగతి నాకు మరింత బాగా తెలిసొచ్చింది. అక్కడికి ఫైబర్ రాలేదు, సిమ్ వేసిన 4జీ రౌటరే దిక్కు. సిమ్ మీద వచ్చే నెట్‌కు ఆ పాత పద్ధతిలో సాధారణంగా సొంత చిరునామా ఉండదు. ఫోన్ కంపెనీ వందలాది మందిని ఒక్క చిరునామా వెనక కూర్చోబెడుతుంది. అందుకోసం 100.64 నుంచి మొదలయ్యే నంబర్ల కట్టను 2012లో విడిగా పెట్టారు. అంటే షెడ్డు గడపకు అవతల కంపెనీ గడప ఇంకొకటి ఉంది, దాని మీద నాకు అధికారం లేదు. ఆఫీసు నుంచి షెడ్డును పిలిచే మార్గమే లేదు. ఏ పేరుతో పిలవాలి, ఏ వీధికి రావాలి? ఆఫీసులో మాత్రం నెలనెలా కొంచెం డబ్బు కట్టి మారని చిరునామా ఒకటి తీసుకున్నాం. కాబట్టి షెడ్డే ఆఫీసును పిలవాలి. అది పిలిస్తేనే దారి ఏర్పడుతుంది. ఒకసారి ఏర్పడిందా, ఆ దారిలో అటూ ఇటూ ఏమైనా నడుస్తుంది. ఆఫీసు కూడా షెడ్డును అడగొచ్చు.

మా ఊళ్ళో రిటైరైన తెలుగు మాస్టారొకరు దుకాణం అరుగు మీద కూర్చుని నాకు చెప్పిన విషయం అప్పుడు గుర్తొచ్చింది. శ్రీవైష్ణవుల్లో ఇదే ప్రశ్న మీద రెండు దారులున్నాయి. వేదాంత దేశికుల దారిలో నడిచే వడగలైవాళ్ళు కోతిపిల్లను చూపిస్తారు. తల్లి చెట్టు నుంచి చెట్టుకు దూకేటప్పుడు పిల్లే తల్లి పొట్టను గట్టిగా పట్టుకుంటుంది. పిల్లకూ కొంత ప్రయత్నం ఉండాలంటారు. పిళ్ళై లోకాచార్యుల, మణవాళ మాముని దారిలోని తెంగలైవాళ్ళు పిల్లికూనను చూపిస్తారు. తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది, కూన చేసేదేమీ ఉండదంటారు. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం. అమ్మను అడిగితే ఆవిడ సందేహం లేకుండా పిల్లికూన వైపే. దేవుడే మనల్ని ముందు ప్రేమించాడని ఆవిడ బైబిల్లో చదువుకుంది. నాన్న కోతిపిల్ల వైపు. కొండ మనం ఎక్కాలి గానీ కొండ దిగి రాదుగా అనేవాడు.

నేను చాలాకాలం నాన్న వైపే ఉన్నాను. షెడ్డు పిలవకపోతే దారే లేదన్నది నా కళ్ళ ముందే కనపడుతోంది కదా.

కానీ షెడ్డుకు పిలవడం ఎలా తెలిసింది? నేను వాడింది వైర్‌గార్డ్ అనే పద్ధతి. జేసన్ డోనెన్‌ఫెల్డ్ అనే ఆయన రాశాడు. 2020 మార్చిలో విడుదలైన లినక్స్ కెర్నల్‌లో అది భాగమైంది. ఇందులో ప్రతి రౌటర్‌కూ రెండు తాళంచెవులు ఉంటాయి. ఒకటి పైకి చెప్పేది, ఒకటి ఎవరికీ చెప్పనిది. ఒక్కోటి 44 అక్షరాలు. ఆఫీసు పైకి చెప్పే తాళంచెవిని షెడ్డు రౌటర్‌లో, షెడ్డుది ఆఫీసు రౌటర్‌లో రాసిపెట్టాలి. ఆ పని నేను షెడ్డులో చెయ్యలేదు. నా దుకాణంలో, బల్ల మీద, షెడ్డు రౌటర్ ఇంకా పెట్టెలోంచి తీసిన వాసనతో ఉండగానే చేశాను. 44 అక్షరాలూ వేలు పెట్టి ఒక్కోటే సరిచూశాను. అందులో ఒక్క అక్షరం తేడా ఉంటే ఎంత పిలిచినా బదులు రాదు. అవతలి గడప "తప్పు" అని కూడా అనదు. వైర్‌గార్డ్ మర్యాద అది: తెలియని వాడు తలుపు కొడితే అక్కడసలు ఇల్లే లేనట్టు నిశ్శబ్దంగా ఉంటుంది.

పిలిచింది షెడ్డే. ఎవర్ని పిలవాలో, ఏమని పిలవాలో దానికి ముందే చెప్పి పంపిన చెయ్యి మాత్రం వేరే. ప్రహ్లాదుడి సంగతీ అంతేగా! తల్లి కడుపులో ఉండగా నారదుడు చెప్పిన మాటలు విన్నాడు. పుట్టకముందే ఆ నామం వాడి లోపల రాసిపెట్టి ఉంది. పిలిచింది పసివాడు, పిలవగలిగేలా చేసింది ముందటి దయ. అమ్మా నాన్నా ఇద్దరూ నిజమే చెప్పారని నాకిప్పుడు నమ్మకం. నాన్న పిలుపు గురించి చెప్పాడు. అమ్మ తాళంచెవి గురించి చెప్పింది. రౌటర్‌కు ఆకలి లేదు, భయం లేదు, కన్నీళ్ళు లేవని నాకు తెలుసు. ఈ పోలిక ఎంత దూరం నడుస్తుందో అంతవరకే నడిపిస్తున్నాను.

ఇంకొకరి గురించి చెప్పకపోతే ఈ మాటలు అబద్ధమవుతాయి. మా నాయనమ్మ మామిడి తోటల్లో కూలికి వెళ్ళేది. మాది పేట. తోటగలవాళ్ళింటికి ఏదైనా పనిపడి వెళ్తే గడపకు నాలుగడుగుల దూరాన వాకిట్లో నిలబడి "అమ్మగోరూ" అని పిలిచేది. లోపల మనుషులున్నట్టు అలికిడి తెలిసేది, బదులు వచ్చేది కాదు. ఎండలో నిలబడేది. మళ్ళీ పిలిచేది. గుళ్ళలోకి అందరూ వెళ్ళొచ్చని మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది 1947లో. అప్పుడు మేం ఆ రాష్ట్రంలోనే ఉన్నాం. చట్టం వచ్చాక కూడా నాయనమ్మ చాలా ఏళ్ళు కొండ కిందే ఆగి, చేతులెత్తి మొక్కి వచ్చేసేది. మా ఇంట్లో కొండెక్కిన మొదటివాడు నాన్న.

తెలియని పిలుపుకు నిశ్శబ్దంగా ఉండమని రౌటర్‌కు నా చేత్తో నేనే రాస్తాను. అలా రాసేటప్పుడు నాయనమ్మ నిలబడ్డ వాకిలి గుర్తొస్తుంది, గుర్తురావాలి కూడా. యంత్రం గడపకూ ఆ గడపకూ ఒక తేడా ఉంది. యంత్రం తాళంచెవిని చూస్తుంది, తాళంచెవిని ఎవరికైనా ఇవ్వొచ్చు. నాయనమ్మను ఆపింది పుట్టుక. దాన్ని ఎవరూ మార్చి ఇవ్వలేరు. ఆవిడ లోపల ఆ నామం రాసి పంపినవాడు ఆవిడను కొండ కింద ఆపి ఉండడు. ఆపినవాళ్ళు మనుషులు. తాము గడప కాస్తున్నామని అనుకున్నారు గానీ, వాళ్ళు అడ్డుకున్నది ఒక బదులును.

షెడ్డులో గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళు పదిహేను మంది. పొద్దున ఆరింటికి వస్తారు. లారీ నిండేదాకా కదలరు, చేతులకు సొన అంటి చర్మం పొక్కిపోయి ఉంటుంది. అక్కడ సిగ్నల్ సరిగా అందక పిల్లలతో మాట్లాడాలంటే రోడ్డు మీదికి వెళ్ళాలి. వాళ్ళకు విడిగా ఒక వైఫై పెడతాననీ, కాటా వైపూ కెమెరాల వైపూ పోకుండా గోడ కడతాననీ యజమానికి చెప్పాను. "వాళ్ళకెందుకయ్యా" అన్నాడు. ఎందుకో చెప్పాను, నాయనమ్మ సంగతి కూడా చెప్పాను. రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు ఫోన్ చేసి "పెట్టెయ్" అన్నాడు. ఆయన మంచివాడు, ఈ మాట రాయడం నాకు ఇష్టం.

కంపెనీ గడపకు జ్ఞాపకం తక్కువ. షెడ్డు నుంచి కాసేపు మాట లేకపోతే తన పట్టికలో దాని పేరు కొట్టేస్తుంది. అప్పుడిక ఆఫీసు ఎంత అడిగినా షెడ్డుకు చేరదు. అందుకని ప్రతి 25 సెకన్లకు ఒకసారి ఆఫీసుకు ఖాళీ పలకరింపు పంపమని షెడ్డు రౌటర్‌కు చెప్పాను. అందులో కబురేమీ ఉండదు, ఉన్నానని చెప్పడం తప్ప. నాన్న పొలం గట్ల మీద నడుస్తూ, సైకిల్ తొక్కుతూ, ఏమీ కోరకుండా "నరసింహా" అనుకుంటూ ఉండేవాడు. ఎందుకు నాన్నా అని అడిగితే, దారి మూసుకుపోకుండా అనేవాడు. అప్పట్లో నాకు అర్థం కాలేదు.

మే మూడో వారంలో గాలివానకు కరెంటు పోయింది. నాలుగు గంటల తర్వాత వచ్చింది. షెడ్డు రౌటర్ లేచింది, పిలుస్తోంది, ఆఫీసు మాత్రం పలకడం లేదు. తాళంచెవులు సరిగ్గానే ఉన్నాయి. రాత్రి రెండింటికి టార్చి వెలుగులో షెడ్డులో కూర్చుని వెతికితే కారణం దొరికింది. ఆ చిన్న రౌటర్‌లో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు పోతే కాలం మరిచిపోతుంది. లేచినప్పుడు అది వారం కిందటి తేదీలో ఉంది. వైర్‌గార్డ్ ప్రతి కొత్త పిలుపులోనూ సమయం చూస్తుంది. ఇంతకు ముందు విన్నదానికంటే పాత సమయంతో వచ్చిన పిలుపును ఒప్పుకోదు. ఎవరో దొంగ పాత పిలుపును దాచిపెట్టుకుని మళ్ళీ వినిపిస్తున్నాడేమో అని దాని అనుమానం. గొంతు అదే, మాట అదే, తాళంచెవి అదే. కానీ పిలుపు ఇప్పటిది కాదు, అందుకే బదులు లేదు. పక్క గదుల్లో పండ్ల వాసన, పైన రేకుల మీద చినుకులు. నాకు నా ప్రార్థనలు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు నేర్చుకున్న మాటల్నే, ఆనాటి తేదీతోనే ఇన్నేళ్ళుగా పంపిస్తున్నానా అనిపించింది.

లేవగానే ముందు ఇంటర్నెట్ నుంచి సరైన సమయం తెచ్చుకోమని రౌటర్‌కు రాశాను. గడియారం సరిపడగానే ఆఫీసు పలికింది. గది వేడి తెర మీద కనపడింది. ఆ రాత్రికి సరుకు దక్కింది.

తర్వాత కరెంటు చాలాసార్లు పోయింది. నేను మళ్ళీ వెళ్ళాల్సిన అవసరం రాలేదు. ఇది రాస్తూ రాస్తూ ఒకసారి ఆఫీసు రౌటర్‌లోకి వెళ్ళి చూశాను. షెడ్డు పేరు పక్కన, చివరిసారి చేయి కలిపింది ఒక నిమిషం పన్నెండు సెకన్ల కిందట అని ఉంది.